ఎయిర్ పాలిషింగ్ జాగ్రత్తగా వాడటం: ఏ పౌడర్, ఎక్కడ, ఎవరికి వద్దు?

కొత్త_చేయి

అందరికీ నమస్కారం. నేను ప్రాక్టీసు మొదలుపెట్టి ఎక్కువ కాలం కాలేదు. ఇప్పుడు చేస్తున్న డెంటల్ క్లినిక్‌లో ఎయిర్ పాలిషింగ్ మెషిన్ (గాలి, నీళ్లతో సన్నటి పొడిని కొట్టి పళ్లు శుభ్రం చేసేది) ఉంది. కాలేజీలో స్కేలర్ (పళ్ల మీద గట్టిపడిన గార తీసే పరికరం), పళ్లు మెరుగుపెట్టే రబ్బరు కప్పు మీదే చేయి తిరిగింది. దీన్ని దూరం నుంచి చూడటమే తప్ప పట్టుకున్నది లేదు. ఇక్కడి పద్ధతి ఏమిటంటే, స్కేలింగ్ అయ్యాక ప్రతి పేషెంటుకూ ఒకే పౌడర్, ఒకే నాజిల్. పౌడర్ సోడియం బైకార్బొనేట్, అంటే వంట సోడా. చిగురు అంచు దాకా, ఒక్కోసారి చిగురు కిందికి కూడా కొడతారు. అడిగితే "ఉత్త పొడి, నీళ్లే కదా, ఏమవుతుంది" అంటారు.

మొన్న బీపీ మందులు వాడే ఒక పెద్దాయన మధ్యలో పుక్కిలించి ఉమ్మి, "ఉప్పగా ఉందేంటమ్మా, నన్ను ఉప్పు తగ్గించమన్నారు" అన్నారు. ఏం చెప్పాలో నాకు తోచలేదు.

బైకార్బొనేట్ చిగురు కింద వాడొచ్చా? నాజిల్ ఎంత దూరంలో, ఏ కోణంలో పట్టాలి? ఎవరికి అసలు చేయకూడదు? తెలిసినవాళ్లు చెప్పండి.

పాతకుర్చీ

అమ్మా, ఏళ్ల తరబడి నేను బైకార్బొనేట్‌తోనే చేస్తున్నాను. పొగాకు మరకలు దానికి పోయినట్టు దేనికీ పోవు. నీళ్లు బాగా పెట్టు, నాజిల్ ఒకచోట ఆపకు, చిగురు మీదికి గురిపెట్టకు. అంతే. దీనికింత టెన్షన్ అక్కర్లేదు. కొత్త పౌడర్ వచ్చినప్పుడల్లా పాతది విషం అన్నట్టు మాట్లాడటం అలవాటైపోయింది జనానికి.

పెరియో_పుట

సార్‌తో సగం ఏకీభవిస్తాను. నీళ్లు బాగా పెట్టడం, నాజిల్ కదుపుతూ ఉండటం, రెండూ సరైనవే. కానీ ఆ లెక్క ఎనామెల్‌కి, అంటే పంటి పైనుండే గట్టి పొరకి. చిగురు కింద ఉన్నది ఎనామెల్ కాదు.

ఏ కంపెనీ మెషినైనా చేసే పని ఒకటే: గాలి ఒత్తిడితో పొడిని ఎగదోసి, నీళ్లతో కలిపి పంటి మీదికి పంపడం. పంటికి ఏం జరుగుతుందన్నది ఆ రేణువు ఎంత పెద్దది, ఎంత గట్టిది, అంచులు ఎంత పదునైనవి అన్నదాన్ని బట్టి ఉంటుంది. పాతకాలం బైకార్బొనేట్ రేణువులు 250 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాకా ఉండేవి. ఇప్పుడు దొరికేవి చాలావరకు 40 నుంచి 65 మధ్య. గ్లైసిన్ (ఒక అమైనో ఆమ్లం పొడి) సుమారు 25. ఎరిత్రిటాల్ (చక్కెరకి బదులు వాడే తియ్యటి పదార్థం) సుమారు 14. గట్టిదనం చూస్తే, మోస్ కొలతలో (గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే కొలత) ఎనామెల్ 5 దగ్గర ఉంటుంది, బైకార్బొనేట్ 2.5. అందుకే ఆరోగ్యంగా ఉన్న ఎనామెల్‌ను అది పెద్దగా ఏమీ చేయలేదు. సార్‌కి ఇన్నేళ్లుగా ఇబ్బంది రాకపోవడానికి కారణం అదే.

డెంటిన్ (ఎనామెల్ కింద ఉండే మెత్తటి పొర), సిమెంటమ్ (వేరు మీది పల్చటి పొర) దగ్గర కథ మారుతుంది. చిగురు కిందికి జారి వేరు బయటపడిన పన్ను మీద బైకార్బొనేట్‌ను కొన్ని సెకన్లు ఒకేచోట నిలిపితే అక్కడ గుంట పడుతుంది. ఆ గుంట మళ్లీ పూడదు. చిగురు మీద పడితే పై పొర లేచి, చురుక్కుమని మండి, రక్తం కారుతుంది. చిగురు కొన్నాళ్లకు మానుతుంది కానీ, మెయింటెనెన్స్‌కి మళ్లీ మళ్లీ వచ్చే పేషెంటుకి ప్రతిసారీ అదే చోట అదే గాయం చేయడం ఏం వైద్యం?

కాబట్టి మొదటి ప్రశ్నకి సూటిగా జవాబు: బైకార్బొనేట్ చిగురు కింద వాడకూడదు. పంటి పై భాగంలో, ఎనామెల్ మీద, మరకలకు వాడుకోవచ్చు. చిగురు అంచు, పాకెట్ (చిగురు పంటి నుంచి విడిపోయి ఏర్పడే సందు), బయటపడిన వేరు, ఇంప్లాంట్ (ఎముకలో బిగించిన కృత్రిమ పన్ను), వీటికి గ్లైసిన్ గానీ ఎరిత్రిటాల్ గానీ.

ఇంకో మాట. "తక్కువ సోడియం" అని అల్యూమినియం ట్రైహైడ్రాక్సైడ్ పౌడర్ ఒకటి దొరుకుతుంది. సోడియం లేదు నిజమే, కానీ అది వేళ్లకీ, కాంపోజిట్ (పంటి రంగు) ఫిల్లింగ్‌కీ, గ్లాస్ అయానమర్ అనే ఇంకోరకం ఫిల్లింగ్‌కీ బైకార్బొనేట్ కంటే ఎక్కువ చేటు చేస్తుంది. బయోయాక్టివ్ గ్లాస్ పౌడర్ అయితే గట్టిదనంలో 6 దగ్గర ఉంటుంది, అంటే ఎనామెల్ కంటే గట్టిది. డబ్బా మీద ఏం రాసి ఉందో చూడకుండా చేతికందిన పౌడర్ పోస్తే కొంప మునిగేది అక్కడే.

కొత్త_చేయి

చాలా థాంక్స్ మేడమ్. మరి ఆ బీపీ పెద్దాయన సంగతి?

పెరియో_పుట

ఆయన అడగాల్సిందే అడిగారు. బైకార్బొనేట్ అంటే సోడియం లవణమే. కొంత మింగుతారు, కొంత నోటి లోపలి పొర గుండా పోతుంది. ఉప్పు కట్టడి చేయమన్నవాళ్లకి, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లకి, అడిసన్స్ జబ్బు (అడ్రినల్ గ్రంథులు సరిగా పనిచేయని జబ్బు) ఉన్నవాళ్లకి బైకార్బొనేట్ వద్దు. ఒంట్లో నీరు పోవడానికి మాత్రలు వేసుకునేవాళ్లు, పొటాషియం మందులు, ఎక్కువకాలంగా స్టెరాయిడ్లు వాడేవాళ్లు ఉంటే ముందు వాళ్ల ఫిజీషియన్‌తో మాట్లాడాలి. ఆయనకి పాలిషింగ్ మానేయక్కర్లేదు, పౌడర్ మార్చితే చాలు. గ్లైసిన్‌లో ఆ సోడియం గొడవ లేదు, రుచి కూడా కాస్త తియ్యగా ఉంటుంది.

కేసు షీట్‌లో "ఏమైనా జబ్బులున్నాయా" అన్న ఒక్క ప్రశ్న సరిపోదు. "లేవు" అంటారు, బయటికి వెళ్తూ బీపీ మాత్రల చీటీ తీస్తారు. ఉప్పు తగ్గించమన్నారా, ఆయాసం ఉందా, ఇన్హేలర్ వాడతారా, ఏ మందుకైనా ఒంటికి పడలేదా, ఈమధ్య పన్ను తీయించుకున్నారా అని విడివిడిగా అడగాలి.

పాతకుర్చీ

వేరు మీద వద్దన్నది ఒప్పుకుంటాను. నేనూ అక్కడ కొట్టను. కానీ కోణం, దూరం సంగతి ఎవరూ చెప్పలేదు, అమ్మాయి అడిగింది అదే.

నాజిల్ మొన పంటికి 3 నుంచి 5 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. ముందు పళ్లకి 60 డిగ్రీలు, వెనక దవడ పళ్ల చెంపవైపు, నాలుకవైపు 80, నమిలే తలానికి 90. బైకార్బొనేట్ అయితే మొన ఎప్పుడూ పంటి కొనవైపు చూస్తూ ఉండాలి, చిగురువైపు కాదు. చిన్న చిన్న సున్నాలు చుడుతూ పోవాలి. ఒక పంటికి కొన్ని సెకన్లు చాలు. మరీ దగ్గరగా పెడితే వేగంగా పోతుందనుకుంటారు కొత్తవాళ్లు. పోదు, తిరిగి మన ముఖం మీదికే చిమ్ముతుంది. నోట్లో పెట్టకముందు నాజిల్ సింక్‌లోకి పెట్టి ఒకసారి పెడల్ తొక్కి చూడాలి. నీళ్లు రాకుండా ఉత్త పొడి వస్తోందంటే నోటి దగ్గరికి తీసుకెళ్లొద్దు.

గార ఉన్న పంటి మీద దీన్ని ఎంతసేపు కొట్టినా లాభం లేదు. పాచి, మరకలు పోతాయి, గార పోదు. దానికి స్కేలర్ పట్టాల్సిందే.

సక్షన్_సరోజ

నేను డాక్టర్ని కాదండీ, అసిస్టెంటుని. మావైపు నుంచి ఒక మాట.

మీరందరూ నాజిల్ గురించి చెప్తున్నారు, సక్షన్ (నోట్లోంచి నీళ్లు, పొడి లాగే గొట్టం) గురించి ఎవరూ చెప్పరు. నోట్లో వంచి తగిలించే సన్న గొట్టం ఒక్కటే పెట్టి ఎయిర్ పాలిషింగ్ చేసే డాక్టర్లతో పనిచేశాను. పేషెంటు కళ్లజోడు, ఏప్రాన్, లైటు హ్యాండిల్, ట్రేలో పెట్టిన సరంజామా, అన్నిటి మీదా తెల్లటి పొర పేరుకుంటుంది. కనబడేది అంత ఉంటే కనబడనిది ఎంత పీలుస్తున్నామో ఆలోచించండి.

పెద్ద గొట్టం, అంటే హై వాల్యూమ్ సక్షన్, తప్పనిసరి. నేను పట్టే పద్ధతి ఇది. డాక్టర్ ముందు పళ్ల మీద చేస్తుంటే పెదవిని వేలితో ముందుకు లాగి చిన్న దోనెలా పడతాను, పొడి నీళ్లు అందులో పడతాయి, గొట్టం నోరు దానికి ఆనించి ఉంచుతాను. వెనక పళ్లకైతే చెంపని అద్దంతో తీసి, గొట్టం కోసుగా కోసిన వైపు పంటికి తిప్పి, నాజిల్‌కి ఎదురుగా పెడతాను. జెట్ పంటిని తాకి ఎటు చిమ్ముతుందో అటు గొట్టం ఉండాలి, వెనకనుంచి కాదు. చెంపకి అతుక్కుంటే లాగడం ఆగిపోతుంది, అందుకే ఒక వేలు సందు వదలాలి. డాక్టర్ పెడల్ మీదనుంచి కాలు తీశాక కూడా కాసేపు గొట్టం అక్కడే ఉంచుతాను.

మొదలుపెట్టేముందు పేషెంటు పెదాలకి వాసెలిన్ రాస్తాను, లేకపోతే పొడికి పగులుతాయి. కాంటాక్ట్ లెన్సులుంటే తీయమంటాం. కళ్లకి పక్కలు మూసిన జోడు పెడతాం. తల కొద్దిగా పైకెత్తి ఉంచి, ముక్కుతో గాలి పీల్చమని, ఇబ్బందైతే ఎడమచెయ్యి ఎత్తమని ముందే చెప్తాం. చెయ్యి ఎత్తితే ఆపాలి. "ఒక్క నిమిషం ఓర్చుకోండి" అనకూడదు, నోటి నిండా పొడి, నీళ్లు ఉన్నప్పుడు ఒక్క నిమిషం చాలా ఎక్కువ.

పెరియో_పుట

సరోజ గారూ, ఇది ప్రింట్ తీసి కుర్చీ పక్కన అతికించాలి.

దీనికి అంకె ఒకటి కలుపుతాను. హై వాల్యూమ్ సక్షన్ అంటే గొట్టం ద్వారం దాదాపు 8 మిల్లీమీటర్లు ఉండి, నిమిషానికి 100 ఘనపుటడుగుల దాకా గాలి లాగగలగాలి. దాన్ని సరిగ్గా పట్టుకుంటే గాల్లోకి లేచే తుంపర 90 శాతానికి పైగా తగ్గుతుంది. సన్న గొట్టం నీళ్లు లాగడానికి తప్ప తుంపర ఆపడానికి పనికిరాదు. మొదలుపెట్టేముందు క్లోర్‌హెక్సిడిన్ లాంటి మౌత్‌వాష్‌తో ఒక నిమిషం పుక్కిలిస్తే ఆ తుంపరలో బ్యాక్టీరియా తగ్గుతుంది. సక్షన్‌కి తోడుగానే తప్ప సక్షన్‌కి బదులుగా కాదు.

2020లో కరోనా వచ్చినప్పుడు వీలైనంతవరకు ఎయిర్ పాలిషింగ్ మానేయమన్నది ఈ తుంపర వల్లే. టీబీ లాంటి గాలితో అంటే జబ్బు ఉందని తెలిసినా, ఫ్లూ జ్వరంతో వచ్చినా ఆ రోజు ఇది చేయకండి. పాచి తీయడానికి చేతి పరికరాలున్నాయి. పేషెంటు తగ్గి వచ్చాక చేసినా పోయేదేం లేదు.

ఊపిరి_బరువు

నమస్తే డాక్టర్ గారూ. నేను పేషెంటుని. నాకు ఆస్తమా ఉంది. పోయినసారి క్లీనింగ్‌కి వెళ్తే ఇదే చేసినట్టున్నారు, నోట్లోంచి తెల్లటి పొగలా లేచింది, గొంతులో పొడి పట్టి దగ్గు ఆగలేదు. ఇంటికొచ్చి ఇన్హేలర్ తీసుకున్నాను. మళ్లీ వెళ్లాలంటే భయంగా ఉంది. నాకు అసలు చేయించుకోకూడదా?

పెరియో_పుట

క్లీనింగ్ చేయించుకోవచ్చు, చేయించుకోవాలి కూడా. ఈ పద్ధతిలోనే అక్కర్లేదు. ఆస్తమా ఉన్నవాళ్లకి, దీర్ఘకాలంగా ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకి, దగ్గు ఆయాసంతో ఉన్నవాళ్లకి ఎయిర్ పాలిషింగ్ సాధారణంగా వద్దంటాం. పౌడర్ మార్చినా ఈ విషయంలో తేడా లేదు, ఎందుకంటే ఇక్కడ ఇబ్బంది సోడియం కాదు, పీల్చే పొడి, తుంపర. చేతి పరికరాలతో, రబ్బరు కప్పుతో పని జరుగుతుంది. కొంచెం ఎక్కువసేపు పడుతుంది.

కుర్చీలో కూర్చోకముందే "నాకు ఆస్తమా ఉంది, పౌడర్ కొట్టే మెషిన్ వద్దు" అని చెప్పండి. మొహమాటపడకండి. ఇన్హేలర్ చేతిలోనే ఉంచుకోండి, బ్యాగులో కాదు. మింగడానికి ఇబ్బంది ఉన్నవాళ్లకి కూడా ఇదే వర్తిస్తుంది.

తీగల_నవ్వు

నాకు క్లిప్పులు ఉన్నాయి. చుట్టూ పాచి పేరుకుంటుంది. ఇది చేయించుకుంటే క్లిప్పులు ఊడతాయా? మా అమ్మకి ఇంప్లాంట్ ఉంది, ఆవిడకి?

పెరియో_పుట

క్లిప్పుల చుట్టూ బ్రష్ దూరని చోట పాచి తీయడానికి ఇది చక్కగా పనికొస్తుంది. ఊడవు. కాకపోతే క్లిప్పుల చుట్టూ సున్నం కొట్టినట్టు తెల్ల మచ్చలు కనబడుతుంటే డాక్టర్‌కి చూపించండి. అవి పుచ్చడం మొదలైన గుర్తు, అక్కడ ఎనామెల్ అప్పటికే మెత్తబడి ఉంటుంది, గరుకు పౌడర్ అక్కడ కొట్టకూడదు.

అమ్మగారి ఇంప్లాంట్‌కి స్టీలు స్కేలర్ కంటే గ్లైసిన్, ఎరిత్రిటాల్ మేలు, లోహం మీద గీతలు పడవు. కానీ ఇంప్లాంట్ చుట్టూ చిగురు పంటికి అతుక్కున్నంత గట్టిగా అతుక్కోదు. గాలి లోపలికి దూరే అవకాశం ఎక్కువ. తక్కువ ఒత్తిడి, తక్కువ సేపు, అలవాటున్న చేయి.

ఫిల్లింగులు ఉన్నవాళ్లకి ఒక ముక్క: కాంపోజిట్, గ్లాస్ అయానమర్ మీద బైకార్బొనేట్ మెరుపు పోగొట్టి గరుకు చేస్తుంది. గరుకైన చోట మళ్లీ పాచి త్వరగా పడుతుంది. సన్న పౌడర్లు చాలా నయం కానీ వాటినీ ఫిల్లింగ్ మీద, కేపు అంచున సిమెంటు కనబడేచోట పనిగట్టుకుని కొట్టకండి.

నైట్‌డ్యూటీ

ఓరల్ సర్జన్‌ని. గాలి లోపలికి దూరడం అన్న మాట వచ్చింది కాబట్టి ఆగి చెప్తాను, ఎందుకంటే ఈ థ్రెడ్‌లో అన్నిటికంటే అరుదైనదీ, తెలియకపోతే అన్నిటికంటే భయపెట్టేదీ అదే.

బయటి క్లినిక్ నుంచి ఒకావిడని మా దగ్గరికి పంపారు. చీటీలో "మందు పడలేదు, అలర్జీ" అని రాశారు. ఎయిర్ పాలిషింగ్ మధ్యలో ఉన్నట్టుండి కుడి చెంప ఉబ్బి, కన్ను సగం మూసుకుపోయింది. అక్కడ అలర్జీ ఇంజెక్షన్ ఇచ్చారు, ఉబ్బు తగ్గలేదు. దద్దుర్లు లేవు, దురద లేదు, నొప్పి పెద్దగా లేదు, చర్మం రంగు మారలేదు. చెంప మీద వేళ్లు పెట్టి మెల్లగా నొక్కితే చర్మం కింద చిన్న చిన్న బుడగలు చిటచిటమని చిట్లుతున్నట్టు తెలిసింది. ఆ చిటచిట తగిలిందంటే ఇక అలర్జీ కాదు, చర్మం కింద గాలి చేరింది. దీన్నే సబ్‌క్యుటేనియస్ ఎంఫసీమా అంటాం. అడిగితే తెలిసింది, ఉబ్బిన వైపే లోతైన పాకెట్ ఉన్న దవడ పన్ను ఉంది, మామూలు నాజిల్‌ని దాంట్లోకి గురిపెట్టి పట్టారు.

గాలి ఎలా దూరుతుందంటే: చిగురు పంటి నుంచి విడిపోయి ఉన్న చోట, కోసి కుట్లు వేసిన చోట, పన్ను తీసిన గుంట దగ్గర దారి తెరుచుకుని ఉంటుంది. ఒత్తిడితో వచ్చే గాలి ఆ దారిన చెంపలోకి పోతుంది. అక్కడి పొరల మధ్య సందులు మెడలోకి, అక్కడి నుంచి ఛాతీలోకి కూడా దారి ఇస్తాయి. ఇది కొత్త సంగతేం కాదు. 1900లోనే, పన్ను తీయించుకున్నాక బాకా ఊదిన ఒక వ్యక్తికి ఇలాగే ముఖం ఉబ్బిందని నమోదైంది. ఊదిన గాలికే అంత జరిగితే కంప్రెసర్ గాలి సంగతి చెప్పక్కర్లేదు.

జరిగితే ఏం చేయాలి? పెడల్ మీదనుంచి కాలు తీయండి. ఆ రోజుకి పని అయిపోయింది, మిగిలిన పళ్లు తర్వాత చూడొచ్చు. ఊపిరి ఎలా ఉందో చూడండి. గొంతు మారిందా, మింగడం కష్టంగా ఉందా, ఛాతీలో నొప్పి ఉందా, ఉబ్బు మెడ కిందికి దిగుతోందా అని అడగండి, చేత్తో తడిమి చూడండి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే ఆసుపత్రికి, స్కాన్ అవసరమవుతుంది. ఏదీ లేకపోయినా వెంటనే ఇంటికి పంపకుండా కూర్చోబెట్టి గమనించండి. ఆ గాలితోపాటు నోట్లో క్రిములు, పొడి కూడా లోపలికి వెళ్లి ఉంటాయి కాబట్టి చాలాసార్లు యాంటీబయాటిక్స్ ఇస్తాం. మాస్కుతో ఆక్సిజన్ ఇవ్వొచ్చు, కానీ ఒత్తిడితో ఊదకూడదు. నైట్రస్ ఆక్సైడ్ (భయం, నొప్పి తగ్గడానికి పీల్పించే వాయువు) అసలు ఇవ్వకూడదు, అది లోపల ఉన్న గాలి బుడగని ఇంకా పెద్దది చేస్తుంది.

ఇంటికి పంపేటప్పుడు ముక్కు గట్టిగా చీదొద్దు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి, బూరలు ఊదొద్దు అని చెప్పండి. మామూలుగా రెండు మూడు రోజుల్లో తగ్గడం మొదలై, వారం పది రోజుల్లో పూర్తిగా పోతుంది. ఆవిడకీ అలాగే పోయింది.

పాతకుర్చీ

సార్, మంచి వివరం. ఒక ప్రశ్న. అలాగైతే పాకెట్‌లో ఈ మెషిన్ అసలు పెట్టనే కూడదు కదా? మరి సన్న పౌడర్‌తో చిగురు కింద చేయొచ్చని మేడమ్ అంటున్నారు. ఏది నమ్మాలి?

నైట్‌డ్యూటీ

రెండూ. పాకెట్‌లో పెట్టడానికి వేరే నాజిల్ ఉంది. ఆవిడ విషయంలో వాడింది అది కాదు.

పెరియో_పుట

వివరంగా చెప్తాను. గ్లైసిన్ గానీ ఎరిత్రిటాల్ గానీ మామూలు నాజిల్‌తో, చిగురు బయటినుంచే పడితే 4, 5 మిల్లీమీటర్ల లోతు పాకెట్ దాకా శుభ్రమవుతుంది. నాజిల్ లోపలికి దూర్చే పని లేదు, దూర్చకూడదు. అంతకంటే లోతుగా ఉంటే సన్నటి ప్లాస్టిక్ నాజిల్ వేరే వస్తుంది, ఒక పేషెంటుకి వాడి పారేసేది. దాంట్లో గాలి, పొడి పక్కలకి ఉన్న చీలికల్లోంచి తక్కువ ఒత్తిడితో వస్తాయి, మొనలోంచి నీళ్లు మాత్రమే వస్తాయి. అంటే గాలి పాకెట్ అడుగుకి సూటిగా తగలదు. తేడా అంతా అక్కడే ఉంది. దాన్ని కూడా ఒక్కోచోట 5 సెకన్లకి మించి ఉంచరు. లోపల పెట్టాక పెడల్ తొక్కి, మెల్లగా పైకి లాగుతూ రావాలి. ముందు ప్రోబ్‌తో (గీతలున్న సన్న కొలత పుల్లతో) లోతు కొలవకుండా ఏ నాజిల్ వాడాలో తేల్చుకోలేరు.

ఇంకోటి. సన్న పౌడర్ కదా అని ఈమధ్య పన్ను తీసిన గుంట దగ్గర, కుట్లు మానని చోట, చీము ఉన్న చిగురు మీద, నోటిపూత మీద కొట్టొద్దు. గ్లైసిన్ మెత్తనిదే, కానీ దాన్ని తోసే గాలి మెత్తనిది కాదు.

స్క్రూడ్రైవర్

నేను మెషిన్లు బాగుచేస్తాను. "పౌడర్ రావట్లేదు" అని పిలిచిన చోటల్లా మూత తెరిచి చూస్తే లోపల పొడి ముద్దకట్టి ఉంటుంది. కారణం ఎప్పుడూ తేమే. కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు దించరు, ఎయిర్ డ్రైయర్ ఉండదు, ఫిల్టర్ మార్చరు. ఇంకొందరు కడిగిన ఛాంబర్‌ని ఆరకుండానే నింపుతారు.

ముఖ్యమైనది: మెషిన్ ఆన్‌లో ఉండగా, ఛాంబర్‌లో గాలి ఒత్తిడి ఉండగా మూత తిప్పకండి. మెషిన్ ఆపి, ఒత్తిడి పూర్తిగా దిగాకే తెరవాలి. తొందరపడితే మూత ఎగురుతుంది, పొడి కళ్లలో పడుతుంది. నింపేటప్పుడు గుర్తు గీత దాటొద్దు. మూత కింద రబ్బరు రింగు పగిలిందేమో, అంచున పొడి అతుక్కుందేమో చూసి తుడిచి బిగించాలి. సాయంత్రం ఛాంబర్ ఖాళీ చేసి ఆరబెట్టి, హ్యాండ్‌పీస్‌లోంచి ఉత్త గాలి, నీళ్లు కాసేపు వదిలి శుభ్రం చేస్తే సగం రిపేర్లు తగ్గుతాయి. నాజిల్ రంధ్రం పొడి రాపిడికి అరిగి పెద్దదవుతుంది. అప్పుడు జెట్ చెదిరిపోయి అనుకున్నచోట పడదు. ఎప్పుడు మార్చాలో మాన్యువల్‌లో ఉంటుంది.

ఏ పౌడర్ పడితే ఆ పౌడర్ పోయొద్దు. మెషిన్ కంపెనీ ఒప్పుకున్నదే వాడాలి. రేణువు సైజు మారితే వచ్చే పరిమాణం కూడా మారిపోతుంది.

సక్షన్_సరోజ

హ్యాండ్‌పీస్, నాజిల్ ఒక్కో పేషెంటుకి విడిగా ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములు చంపే యంత్రంలో) పడాలి. స్పిరిట్‌తో తుడిచి మళ్లీ పెట్టేయడం చూశాను. లోపలి సన్న గొట్టంలో ఉన్నది తుడిస్తే పోదు. ఆటోక్లేవ్‌కి ముందు లోపల పొడి లేకుండా కడిగి గాలి కొట్టాలి, లేకపోతే అది గట్టిపడి పూడిపోతుంది. పేషెంటుకీ పేషెంటుకీ మధ్య నీళ్ల లైను 20, 30 సెకన్లు వదలడం కూడా మా పనే.

కొత్త_చేయి

అందరికీ చాలా చాలా థాంక్స్. మా సీనియర్‌తో మాట్లాడాను. మొదట నవ్వారు కానీ, ఎంఫసీమా పోస్టు చూపిస్తే పూర్తిగా చదివి, "పాకెట్ల మీద ఇక బైకార్బొనేట్ వద్దు" అన్నారు. ఎరిత్రిటాల్ తెప్పిస్తున్నారు. రెండు సందేహాలు మిగిలాయి. మా మెషిన్‌కి ఛాంబర్ ఒక్కటే ఉంది. పొద్దున బైకార్బొనేట్, మధ్యాహ్నం ఎరిత్రిటాల్ అలా మార్చుకోవచ్చా? ఎరిత్రిటాల్‌లో ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఏమైనా ఉందా?

స్క్రూడ్రైవర్

మొదట మీ మెషిన్‌కి ఎరిత్రిటాల్ ఒప్పుతుందో లేదో చూడండి. కొన్ని పాత మెషిన్లు అంత సన్నటి పొడికి తయారైనవి కావు. ఒప్పితే, రెండో ఛాంబర్ విడిగా తెప్పించుకోవడమే మంచిది. ఒక్కదాంతోనే నెట్టుకురావాలంటే పూర్తిగా ఖాళీ చేసి, తుడిచి, ఎండబెట్టి, గొట్టంలో మిగిలింది బయటికి వదిలేశాకే కొత్తది పోయాలి. రెండూ కలవకూడదు. ఛాంబర్ మీద లోపల ఏముందో స్టిక్కర్ అతికించండి, రెండు పొడులూ తెల్లగానే ఉంటాయి.

పెరియో_పుట

కొన్ని ఎరిత్రిటాల్ పౌడర్లలో 0.3 శాతం క్లోర్‌హెక్సిడిన్ కలుపుతారు. క్లోర్‌హెక్సిడిన్ అలర్జీ ఉన్నవాళ్లు అరుదు, కానీ వస్తే తీవ్రంగా వస్తుంది. కాబట్టి ఆ ప్రశ్న కేసు షీట్‌లో చేర్చండి. అలర్జీ ఉంటే పుక్కిలించే మౌత్‌వాష్ కూడా మార్చాలి, అది మర్చిపోతుంటారు.

అయ్యాక పేషెంటుకి చెప్పాల్సింది ఒకటుంది. పంటి మీద ఉండే సహజమైన పల్చటి పొర కూడా పాలిషింగ్‌తో పోతుంది, మళ్లీ ఏర్పడటానికి కొంత సమయం కావాలి. రెండు మూడు గంటలు రంగు పట్టే పానీయాలు, పొగ మానమనండి.

పాతకుర్చీ

మేడమ్, మీ మాట మీద గ్లైసిన్ తెప్పించి చూశాను. చిగురు దగ్గర హాయిగా ఉంది, పేషెంటు కూడా కిమ్మనలేదు. కానీ గట్టి పొగాకు మరకలున్న కింది ముందు పళ్ల మీద ఎంతకీ పోవడం లేదు. అక్కడ మళ్లీ బైకార్బొనేట్‌కే వెళ్లాల్సి వచ్చింది.

పెరియో_పుట

అవును సార్, గట్టి మరకలకి గ్లైసిన్ నెమ్మదే. మరక ఎనామెల్ మీద ఉంటే, వేరు బయటపడకపోతే, ఆ పేషెంటుకి ఉప్పు కట్టడి లేకపోతే, ఆ కాసిని పళ్లకి బైకార్బొనేట్ వాడండి. మొన కొనవైపు చూస్తూ ఉండాలన్నారు కదా మీరే. కింది ముందు పళ్లకే చిగురు తొందరగా జారుతుంది, అందుకని ముందు ఒకసారి గాలితో ఆరబెట్టి వేరు ఎక్కడ మొదలవుతోందో చూసుకుని, ఆ గీతకి పైనే ఆగండి. గీత కింద మరక మిగిలితే దాన్ని చేతి పరికరంతో తీయండి.

పాతకుర్చీ

సరే మేడమ్. అలాగే చేస్తాను.